ఆకాశంలో రెక్కల గుఱ్ఱం

కార్తిక మాసంలో రాత్రి ఎనిమిది గంటలప్పుడు వై.ఎన్.హొసకోటలో మిద్దె మీదికెక్కి తల పైకెత్తి చూడండి. నడినెత్తికి దగ్గరగా నాలుగు చుక్కలు పెద్ద చదరంలా కనిపిస్తాయి. మన పంచాంగంలో పడమటి రెండూ పూర్వాభాద్ర, తూర్పు రెండూ ఉత్తరాభాద్ర. గ్రీకులకు ఆ చదరం ఒక గుఱ్ఱపు మొండెం. ఆ గుఱ్ఱం పేరు పెగాసస్. (నాలుగింటిలో ఒక చుక్కను నేటి శాస్త్రజ్ఞులు పక్క నక్షత్రమండలంలో చేర్చారు.)

పెర్సియస్ అనే వీరుడు మెడూసా తల నరికినప్పుడు ఆమె నెత్తుటి నుండి ఈ రెక్కల గుఱ్ఱం పుట్టిందట. ఎవరికీ లొంగని దానిని బెల్లెరోఫోన్ అనే యువకుడు ఎథీనా దేవి ఇచ్చిన బంగారు కళ్ళెంతో పట్టుకున్నాడు. దానిపై ఎగిరి, నిప్పులు కక్కే కిమేరా అనే మృగాన్ని చంపాడు. అంతటితో ఆగాడా? దేవతలుండే ఒలింపస్ కొండకే ఎగరబోయాడు. దేవరాజు జ్యూస్ ఒక జోరీగను పంపాడు. అది కుట్టగానే గుఱ్ఱం బెదిరింది. రౌతు నేలపై పడి కుంటివాడయ్యాడు. గుఱ్ఱం మాత్రం స్వర్గం చేరి, జ్యూస్ పిడుగులను మోసింది.

మన పురాణాల్లోని దివ్యాశ్వం ఉచ్చైశ్శ్రవం. అది పాలసముద్రంలో పుట్టింది. నన్నయ ఆదిపర్వంలో దాని కథను తెలుగులో చెప్పాడు. ఆ తెల్లని గుఱ్ఱం తోక నల్లనిదని కద్రువ పందెం కాసింది. తన కొడుకులైన పాములను తోకకు అంటిపెట్టి మోసంతో గెలిచింది. ఓడిన వినత దాసి అయింది. కొడుకు గరుత్మంతుడు ఎగిరి వెళ్ళి అమృతం తెచ్చేదాకా ఆమెకు విడుదల లేదు.