33 బంగారు పూసలు: మన రాక్షస గుళ్ల అసలు కథ

కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు బంధువులున్న తల్లిదండ్రులకు ఈ రాళ్లు కొత్త కాదు. ఊరికి దూరంగా, గుట్ట దిగువన సాగుకు పనికిరాని రాతి నేలలో నాలుగు బండ పలకలు నిలబెట్టి ఉంటాయి. పైన ఇంకో పెద్ద పలక కప్పి ఉంటుంది, చుట్టూ గుండ్రాళ్ల వలయం. కల్యాణదుర్గం దగ్గర ముదిగల్లులో ఇలాంటివి ఉన్నాయి. రాక్షస గుళ్లు అని కొందరు, పాండవుల గుళ్లు అని కొందరు అంటారు. సరిహద్దు దాటి కన్నడ ఊళ్లలోకి వెళితే మోర్యర మనెలు, అంటే మోర్యుల ఇళ్లు అంటారు. అక్కడి కథలో ఆ మోర్యులు మూడడుగుల మరుగుజ్జులు! ఒకే రకం రాళ్లను చూసి ఒకచోట రాక్షసులు కట్టారన్నారు, ఇంకోచోట మరుగుజ్జులు కట్టారన్నారు. అంత బరువైన పలకలను ఎత్తింది ఎవరా అని ఒకరు ఆశ్చర్యపోతే, అంత చిన్న గదిలో ఉండేదెవరా అని ఇంకొకరు ఆలోచించారు.

నిజానికి అవి గుళ్లూ కావు, ఇళ్లూ కావు, సమాధులు. ఈ నేల మీద ఇనుము వాడటం మొదలుపెట్టిన కాలపు మనుషులవి. ఈ విషయం మనకు ఎలా తెలిసిందో పిల్లలకు చెప్పాలంటే రాయదుర్గం దాటి మొలకాల్మూరు తాలూకాలోని బ్రహ్మగిరి దాకా వెళ్లాలి. ఇప్పుడది కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లాలో ఉంది. నేల మాత్రం మనదే: అదే నల్లగుట్టలు, అదే వాన కరువు. అశోకుడి శాసనాలు ఉన్న చోటుగా చరిత్ర పుస్తకాల్లో దాని పేరు కనిపిస్తుంది.

1947లో భారత పురావస్తు సర్వే డైరెక్టర్ జనరల్ మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపించారు. అప్పటికి దక్షిణాదిలో ఇలాంటి సమాధులను వందేళ్లకు పైగా తవ్వుతూనే ఉన్నారు. కుండలు దొరికేవి, ఇనుప కత్తులు దొరికేవి, కొన్ని మ్యూజియాలకు చేరేవి. అవి ఏ కాలానివో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేకపోయేవారు. వీలర్ సమాధులతో ఆగకుండా, పక్కనే ఉన్న పాత ఊరి దిబ్బనూ తవ్వించారు. నా దృష్టిలో ఆ తవ్వకాల్లో అసలు తెలివి ఇదే.

ఊరి దిబ్బ ఎందుకు? మన ఇంట్లో మూల పేర్చిన పాత పేపర్ల కట్టను గుర్తు చేసుకోండి. అడుగున ఉన్నది పాతది, పైన ఉన్నది నిన్నటిది. మధ్యలో ఒక పేపరు మీద తేదీ చిరిగిపోయినా, దాని కిందా పైనా ఉన్నవాటిని చూసి కాలం చెప్పగలం. మనుషులు తరతరాలుగా ఒకేచోట బతికితే మట్టి కూడా అలాగే పొరలుగా పేరుకుంటుంది. బ్రహ్మగిరి దిబ్బలో అడుగున నూరిన రాతి గొడ్డళ్లు వాడినవారి పొర ఉంది. దాని పైన లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలూ ఇనుమూ దొరికే పొర. ఆ పైన శాతవాహనుల కాలపు పొర. సమాధుల్లో దొరికిన కుండలు మధ్య పొరలోని కుండలతో సరిపోయాయి. దాంతో సమాధులు ఏ కాలపువారివో తేలింది.

ఇక తేదీ ఎలా వచ్చింది? పై పొరలో ఒక ప్రత్యేకమైన పళ్లేల రకం దొరికింది. దాని మీద చక్రం దొర్లించినట్టు చిన్న చిన్న గీతలుంటాయి. అదే రకాన్ని వీలర్ 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో, రోమన్ సరుకుల పక్కనే చూశారు. రోమన్ సరుకుల కాలం తెలుసు కాబట్టి ఆ పళ్లేల కాలమూ తెలిసింది. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసి, ఈ సమాధుల సంప్రదాయం క్రీ.పూ. 200 ప్రాంతంలో మొదలైందని ఆయన అంచనా వేశారు. తర్వాత కార్బన్ పరీక్షలు వచ్చాక ఆ అంచనా నిలవలేదు. కర్ణాటకలోనే హల్లూరులో 1960లలో జరిగిన తవ్వకాలు ఇనుము వాడకాన్ని క్రీ.పూ. 1000 ప్రాంతానికి తీసుకెళ్లాయి. అంటే మన రాక్షస గుళ్ల సంప్రదాయం ఇంచుమించు మూడు వేల ఏళ్ల వెనక్కి వెళుతుంది. తేదీ మారింది, పొరల క్రమం మాత్రం అలాగే నిలిచింది.

సమాధి కట్టిన తీరు చూడండి. గుంట తీసి నాలుగు పలకలు నిలబెడతారు. ప్రతి పలక అంచు పక్క పలకను దాటి కొంచెం బయటికి వస్తుంది. పైనుంచి చూస్తే స్వస్తిక్ ఆకారం. బయటి మట్టి లోపలికి నెట్టినప్పుడు ఒక పలక ఇంకో పలకకు ఆనుకుని నిలుస్తుంది. సున్నం లేదు, సిమెంటు లేదు. తూర్పు పలకకు గుండ్రటి రంధ్రం ఉంటుంది. లోపల కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు. ఆ ఎముకలు శరీరం పడుకోబెట్టిన క్రమంలో ఉండవు. ఒకే గదిలో ఒకరి కంటే ఎక్కువమందివి దొరికాయి. అంటే చనిపోయిన వెంటనే పూడ్చలేదు. మాంసం పోయాక ఎముకలను ఏరి తెచ్చి, సామూహిక గదిలో ఉంచారన్నమాట. ఇంటి పెద్దల అస్థికలను జాగ్రత్తగా తెచ్చి నదిలో కలిపే మనకు ఆ శ్రద్ధ మరీ వింతగా అనిపించకపోవచ్చు.

ఇప్పుడు బంగారం సంగతి. బ్రహ్మగిరిలో ఒక వ్యక్తి అస్థిపంజరం పక్కన 33 బంగారు పూసలు, 2 రాతి పూసలు, 4 రాగి గాజులు, ఒక శంఖం దొరికాయి. మిగతావారి పక్కన కొన్ని కుండలే ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పాత 6వ తరగతి చరిత్ర పుస్తకంలో ఇది వచ్చింది. మీ పెద్ద పిల్లలు చదివే ఉంటారు. ఈ చిన్న లెక్కలో చాలా ఉంది. ఆ కాలానికే మనుషుల్లో హెచ్చుతగ్గులు ఉన్నాయని, సముద్రం ఇంత దూరంలో ఉన్నా శంఖం ఈ మెట్ట నేలకు చేరిందని దానివల్లే తెలిసింది.

అదే సమాధిని గుప్తనిధుల ముఠా ముందు తవ్వి ఉంటే? 33 పూసలు కరిగి ఎవరి జేబులోనో పడేవి. అవి ఎవరి పక్కన ఉన్నాయో, ఇంకెవరి పక్కన లేవో ఎప్పటికీ తెలిసేది కాదు. మన జిల్లాలో అర్ధరాత్రి తవ్వకాల వార్తలు తరచూ చదువుతూనే ఉంటాం. ఇలాంటి గదుల్లో ఎక్కువగా దొరికేవి కుండలూ తుప్పు పట్టిన ఇనుమే. ఆశపడి వచ్చినవాళ్లు వాటిని పగలగొట్టి పోతారు. దొంగలే కాదు, చేను చదును చేసే జేసీబీ, క్వారీ కూడా అంతే నష్టం చేస్తాయి. రాళ్లు అడ్డమని తొలగించే రైతును తప్పు పట్టడం కష్టం. అవి ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినచోట ఫలితం వేరుగా ఉంది. తెలంగాణలో కృష్ణా తీరాన నారాయణపేట జిల్లా ముడుమాలలోని నిలువు రాళ్లకు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు దొరికింది.

చట్టం కూడా తెలిసి ఉండటం మంచిది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన పాత వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. దాచిపెడితే శిక్ష ఉంటుంది.

సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు పిల్లలతో ఇలాంటి చోటికి వెళితే పలకల మీద ఎక్కనివ్వకండి, కుండ పెంకు ఒక్కటి కూడా ఇంటికి తేనివ్వకండి. రాతి పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయించండి, పలకలు ఎన్ని నిలిచి ఉన్నాయో రాయించండి. కొత్తగా తవ్విన గుంట కనిపిస్తే తహసీల్దారు ఆఫీసుకో పురావస్తు శాఖకో చెప్పండి. రంధ్రం ఉన్న పలక కనిపిస్తే మాత్రం ఫోనులో దిక్సూచి తెరిచి పిల్లల చేతికివ్వండి. అది తూర్పు వైపే ఉందో లేదో వాళ్లనే చూసి చెప్పమనండి.