రెండు కుర్చీల పార్వతీపురం

1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ఓటరు చేతికి రెండు బ్యాలెట్ కాగితాలు వచ్చాయి. కాగితం మీద ముద్ర వేసే పద్ధతి అప్పటికింకా రాలేదు. ఒక్కో అభ్యర్థికీ గుర్తు అంటించిన పెట్టె ఒకటి ఉండేది. నచ్చినవారి పెట్టెలో కాగితం వేస్తే అదే ఓటు. రెండు కాగితాలూ వేర్వేరు పెట్టెల్లో వేయాలి. ఒకే మనిషికి రెండు ఓట్లు చెల్లవు.

ఎందుకంటే ఆనాడు పార్వతీపురం ఇద్దరు ఎంపీలను పంపే ద్విసభ్య నియోజకవర్గం. దేశం మొత్తం మీద 403 నియోజకవర్గాల్లో ఇలాంటివి 91 ఉండేవి. ఒక సీటు షెడ్యూల్డ్ కులాలకో తెగలకో ఖాయంగా దక్కాలి, అదే గడ్డ మీద మిగతావారికీ పోటీకి చోటుండాలి అన్నది ఈ ఏర్పాటులోని ఆలోచన. పార్వతీపురంలో రిజర్వుడు సీటు గిరిజనులది. లెక్కింపులో ముందు గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఆ సీటు ఇస్తారు. తర్వాత మిగిలినవారందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారిది రెండో సీటు. ఆ ‘అందరిలో’ అన్న మాట దగ్గరే కథ మలుపు తిరిగింది.

కాంగ్రెస్ తరఫున జనరల్ సీటు ఆశించి దిగినవారు వి.వి. గిరి. దేశమెరిగిన కార్మిక నాయకుడు. 1952లో పక్కనే ఉన్న పాతపట్నం నుంచి గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు, బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయంలో ప్రభుత్వంతో విభేదించి 1954లో రాజీనామా చేశారు. అంతటి మనిషి ఇక్కడ 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు. రిజర్వుడు సీటు బిడ్డిక సత్యనారాయణకు దక్కింది. జనరల్ సీటు గెలుచుకున్నది దిప్పల సూరి దొర. ఇద్దరూ గిరిజనులే!

గిరి కోర్టుకెక్కారు. రిజర్వుడు సీటు కోసం నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారన్నది ఒక వాదన. సూరి దొర కుటుంబం కొన్ని పత్రాల్లో తమను క్షత్రియులుగా రాసుకుంది కాబట్టి ఆయన అసలు గిరిజనుడే కాడన్నది రెండో వాదన. 1959లో సుప్రీంకోర్టు రెండింటినీ తోసిపుచ్చింది. కాగితాల మీద రాసుకున్నంత మాత్రాన పుట్టిన తెగ మారిపోదని, ఆయన మూక దొర తెగవారేనని చెప్పింది. జనరల్ సీటు అంటే అందరిదీ, గిరిజనులదీ. రిజర్వేషన్ వారికి అదనంగా ఇచ్చిన రక్షణే తప్ప మిగతా తలుపులు మూసే గడియ కాదు.

నా మటుకు నాకు మన ఎన్నికల చరిత్రలో ఇంతకంటే గర్వపడదగిన తీర్పులు తక్కువ. గిరికీ ఆ ఓటమివల్ల దారులేమీ మూసుకుపోలేదు. ఓడిన 1957లోనే ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు.

ఆ ద్విసభ్య పద్ధతి మాత్రం ఎన్నాళ్లో నిలవలేదు. విస్తీర్ణం పెద్దది, ప్రచారం ఖర్చు రెట్టింపు. పైగా రెండు సీట్లూ ఒక వర్గానికే పోవచ్చన్న అసంతృప్తి కూడా కొందరిలో ఉండేది. 1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది. 1962 నాటికి పార్వతీపురం గిరిజనులకు రిజర్వయిన ఏకసభ్య స్థానం. పరిపాలనకు ఇదే సులువు, కాదనను. కానీ మిగతా సమాజంతో ఒకే బరిలో నిలిచి జనరల్ సీటు గెలిచే సూరి దొర లాంటివారికి ఆ తర్వాత ఇక్కడ చోటు లేకుండా పోయింది.

ఏకసభ్య స్థానంగా పార్వతీపురం పంపినవారిలో ఎక్కువగా గుర్తుండేది కురుపాం రాజవంశీకుడు వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్. 1977లో మొదటిసారి గెలిచారు. 2004లో మళ్లీ గెలిచాక, అటవీ హక్కుల బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ కమిటీకి అధ్యక్షుడయ్యారు. పోడు భూమికి పట్టా అడిగే హక్కు ఇచ్చిన 2006 చట్టం వెనుక ఈ నియోజకవర్గం ఎంపీ కృషి ఉంది.

2008 పునర్విభజనలో పార్వతీపురం లోక్‌సభ స్థానం రద్దయి, అరకు ఏర్పడింది. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా, అప్పటి లెక్కన నాలుగు జిల్లాల కొండలూ అందులోనే. మొదటి ఎన్నికలో, 2009లో, గెలిచింది మళ్లీ కిశోర్ చంద్రదేవే. 2022లో పార్వతీపురం మన్యం పేరిట కొత్త జిల్లా వచ్చింది. కలెక్టరేట్ ఇప్పుడు ఊళ్లోనే ఉంది, ఎంపీ మాత్రం అరకు పేరు మీదే ఎన్నికవుతారు.