ఏ పక్షిని పెంచుకోవాలి?

పక్షిని పెంచుకోవాలని మనలో చాలామందికి ఆశ ఉంటది. కానీ ఏది పెంచాలో, ఏది పెంచకూడదో ముందు తెలుసుకోవాలి.

రామచిలుకను పెంచకూడదు. మా గూడెం వైపు కొందరు చెట్టు తొర్రలో చెయ్యి పెట్టి, రెక్కలు రాని పిల్లల్ని తీసి పట్నం వాళ్లకు అమ్ముతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిలుకను పట్టినా, అమ్మినా, పంజరంలో పెంచినా నేరమే.

పట్నంలో లవ్ బర్డ్స్ అని అమ్మే చిన్న పక్షుల్లో ఎక్కువ బడ్జెరిగర్లు. వాటి సొంత దేశం ఆస్ట్రేలియా. అవి పంజరంలోనే పుట్టి పెరిగినవి. బయట వదిలేస్తే మేత వెతుక్కోలేక చచ్చిపోతయి. అందుకే వాటిని ఇంట్లో పెంచుకోవచ్చు. కొనేటప్పుడు చురుగ్గా తిరిగేవాటిని చూసి తీసుకోవాలి. ఈకలు ఉబ్బించి మూలకు కూర్చున్నదానికి జబ్బు ఉండొచ్చు. ఒక్కటే ఉంటే దిగులు పడతది, జతగా తేవాలి. మనం తినే కొర్రలు వాటికి మంచి మేత. ఆకుకూర, రోజూ కొత్త నీళ్లు పెట్టాలి. ఉప్పు, కారం కలిపినవి పెట్టకూడదు. పొయ్యి దగ్గర పంజరం కట్టవద్దు, పొగకు వాటి ఊపిరి ఆగిపోతది.

డబ్బులు లేకపోతే మన నాటుకోడి ఉంది కదా! 21 రోజులు పొదిగి పిల్లల్ని చేస్తది. రాత్రి గంప కింద మూయాలి. కొక్కెర తెగులు రాకుండా టీకా వేయించాలి. పక్షుల్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

చిలుక పిల్లను తెచ్చిస్తే డబ్బులిస్తామని ఎవరైనా అంటే, తేనని గట్టిగా చెప్పండి. తల్లి మేత తెచ్చేసరికి పిల్ల తొర్రలోనే ఉండాలి.