గజ్జలో నాడి అందుతోందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పసిబిడ్డకు గుండెజబ్బని తెలిస్తే పెద్దవాళ్లు ముందు తలిచేది తిరుపతి, వేలూరు, బెంగళూరు. దారి దూరమే గానీ ఆపరేషన్ అందనిదేం కాదు. పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా చేస్తున్నారు. తిరుపతిలో టీటీడీ 2021లో పిల్లల గుండె ఆసుపత్రి తెరిచింది. నా ఉద్దేశంలో మనకు కొరత సర్జన్లు కాదు, కాన్పు వార్డులో బిడ్డ గజ్జను వేలితో తడిమి చూసే అలవాటు.

గుండె నుంచి లేచిన బృహద్ధమని మెడ కింద వంపు తిరిగి, తలకూ చేతులకూ కొమ్మలిచ్చి కిందికి దిగుతుంది. పదివేల మంది శిశువుల్లో సుమారు నలుగురికి ఆ వంపు చివర పుట్టుకతోనే సన్నబడి ఉంటుంది. డాక్టర్లు దీన్ని కోఆర్క్‌టేషన్ అంటారు. కడుపులో ఉన్నప్పటి డక్టస్ అనే నాళం తెరిచి ఉన్నంతకాలం బిడ్డ బాగానే కనిపిస్తాడు. అది మూసుకుపోగానే పాలు మానేస్తాడు, డొక్కలెగరేస్తాడు, కాళ్లు చల్లబడతాయి, గజ్జలో నాడి సరిగా అందదు. రక్తంలో ఇన్ఫెక్షన్ అనుకుని పొరబడేది ఇక్కడే. ప్రోస్టాగ్లాండిన్ మందు ఎక్కిస్తే ఆ నాళం మళ్లీ తెరుచుకుని, పెద్దాసుపత్రికి చేరే వ్యవధి దొరుకుతుంది. అక్కడ ఎడమవైపు పక్కటెముకల సందులోంచి వెళ్లి, ధమనిని పైనా కిందా బిగించి, సన్నబడ్డ ముక్కను కోసేసి, కింది కొసను వంపు అడుగున వెంట్రుకంత సన్నని దారంతో కుడతారు. స్టాక్‌హోంలో క్లారెన్స్ క్రాఫోర్డ్ 1944లోనే ఈ లోపాన్ని సరిచేశాడు. ఇన్నేళ్లుగా నలిగిన చికిత్స ఇది. బిడ్డ కుప్పకూలకముందే చేరాలి, అంతే.

ఆక్సిజన్ చూసే మిషను ఉంది కదా, వేలితో పనేమిటి అని అడగొచ్చు. ఈ జబ్బులో చాలాసార్లు ఆక్సిజన్ అంకె మామూలుగానే ఉంటుంది. పుట్టిన రోజున గజ్జ నాడి కూడా అందుతుందనే అభ్యంతరం ఇంతకంటే బలమైనది, నిజం కూడా. డక్టస్ మూసుకోలేదు గనుక అందుతుంది. అందుకే ఒక్కసారి చూసి వదలకూడదు. ఇంటికి పంపేటప్పుడూ, ఆరు వారాల టీకాకు వచ్చినప్పుడూ చేతి నాడినీ గజ్జ నాడినీ కలిపి చూడాలి. తేడా అనిపిస్తే కుడిచేతికీ కాలికీ బీపీ చూడాలి. కాలిలో బాగా తక్కువుంటే ఎకో తీయించాలి. ఇంత చేసినా కొందరు తప్పిపోతారు. పదిహేనేళ్ల పిల్లాడికి కారణం తెలియని బీపీ ఉంటే ఇదే వెతకాలి. ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి కుట్టిన చోట మళ్లీ సన్నబడుతుంది, అప్పుడు బెలూన్‌తో వెడల్పు చేస్తారు. అందుకే పెద్దయ్యాక కూడా బీపీ చూపించుకుంటూ ఉండాలి. దానికి బెంగళూరు దాకా పోనక్కర్లేదు, పుంగనూరులోనే అయిపోతుంది.