36,440 చిట్టి సైనికులు, ఒక శిరస్త్రాణం: అభిమానుల సమ్మేళనంలో లెగో ఇటుకల కొలువు

అమెరికాలోని షికాగో నగరంలో 2019 ఏప్రిల్ 11న 'స్టార్ వార్స్ సెలబ్రేషన్' ఆరంభమైంది. వైజ్ఞానిక కల్పనా చిత్రాల అభిమానులకు అది పెద్ద తిరునాళ్ల వంటిది. మెక్‌కార్మిక్ ప్లేస్ ప్రదర్శన కేంద్రంలో అయిదు రోజులు సాగిన ఆ వేడుకలో డెన్మార్క్‌కు చెందిన ఆటవస్తువుల సంస్థ లెగో ఒక వింత కొలువు తీర్చింది. తెల్లని కవచం తొడిగిన స్టార్మ్‌ట్రూపర్ సైనికుల బొమ్మలు 36,440 చేర్చి, ఆ సైనికుడి శిరస్త్రాణాన్నే రూపుకట్టించింది. ఒక్కో బొమ్మ ఎత్తు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే. దగ్గరకు వెళ్లి చూస్తే ఎవరికి వారైన సైనికులు. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఒకే శిరస్త్రాణం. లెగో స్టార్ వార్స్ బొమ్మల ప్రదర్శనలలో అతి పెద్దదిగా దానిని గిన్నిస్ సంస్థ నమోదు చేసింది.

రికార్డు సంగతి అటుంచితే, పిల్లల ఆటవస్తువులు తయారుచేసే సంస్థకు పెద్దలే ఎక్కువగా తరలివచ్చే ఇటువంటి సమ్మేళనంలో ఇంత శ్రమ ఎందుకు? ఇందులో వ్యాపారం ఉంది, కొంత చరిత్ర ఉంది, భౌతికశాస్త్రం కూడా ఉంది.

స్టార్మ్‌ట్రూపర్‌ను ఎంచుకోవడం యాదృచ్ఛికమని చెప్పలేము. 1977లో వచ్చిన తొలి చిత్రంలో వీరు దుష్ట సామ్రాజ్యపు సైనికులు. పేరు లేదు, ముఖం కనబడదు, తుపాకి పేలిస్తే గురి తప్పుతుందన్న అపఖ్యాతి ఒకటి. అయినా అభిమానులు వీరినే అక్కున చేర్చుకున్నారు. 1997లో పుట్టిన '501వ లీజియన్' అనే అభిమాన సంఘం సభ్యులు ఇదే తెల్లని కవచాన్ని సొంతంగా తయారుచేసుకుని, ధరించి ఇటువంటి వేడుకలకు వస్తారు. నాయకుడి బొమ్మ ఒకటి కొంటే చాలు; సైనికుడి బొమ్మ ఎన్ని కొన్నా పటాలం నిండదు. ఈ సంగతి సేకరణకర్తలకూ తెలుసు, సంస్థకూ తెలుసు.

ఆ 2019వ సంవత్సరం లెగోకు మరొక విధంగా ముఖ్యమైనది. స్టార్ వార్స్ ఆధారంగా అది తొలి బొమ్మల పెట్టెలను విడుదల చేసింది 1999లో. అప్పటికి సరిగ్గా ఇరవై ఏళ్లు. వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ 1932లో బిలుండ్ గ్రామంలో స్థాపించిన ఈ సంస్థ, అంతవరకు ఏ సినిమా కథనూ అరువు తెచ్చుకోలేదు. పైగా యుద్ధాన్ని ఆటవస్తువుగా మార్చరాదన్నది ఆ ఇంటి ఆచారం. ఆధునిక యుద్ధ ట్యాంకులు, సైనిక సామగ్రి లెగో నేటికీ తయారుచేయదు. పేరులోనే యుద్ధమున్న చిత్రంతో ఒప్పందమా అని సంస్థలోని పెద్దలు కొందరు గట్టిగా అడ్డుచెప్పారు. ఒప్పందం కుదిరింది, బొమ్మలు విరివిగా అమ్ముడయ్యాయి.

అరువు కథకు ఒక ఇబ్బంది ఉంది. 2003లో కొత్త స్టార్ వార్స్ చిత్రం రాలేదు, హ్యారీ పోటర్ చిత్రమూ రాలేదు. అప్పటికే అనేక రంగాలలో చేతులు పెట్టి అలసిపోయిన లెగో, ఆ ఏడాది భారీ నష్టంతో దివాలా అంచుకు చేరింది. 2004లో పగ్గాలు చేపట్టిన యోర్గెన్ విగ్ నుడ్‌స్టోర్ప్, తయారుచేసే విడిభాగాల రకాలను దాదాపు సగానికి కుదించారు. 2005లో అమెరికాలో లెగో అభిమానులు సొంతంగా జరుపుకునే 'బ్రిక్‌ఫెస్ట్' సమావేశానికి స్వయంగా వెళ్లారు. అంతవరకు పెద్దవయసు అభిమానిని ఒక వింత మనిషిగా చూసిన సంస్థ, అతడిని కొనుగోలుదారుగానూ సలహాదారుగానూ గుర్తించసాగింది. 2017లో వెలువడిన 7,541 భాగాల 'మిలీనియం ఫాల్కన్' నౌక ధర విడుదలైనప్పుడు అమెరికాలో దాదాపు 800 డాలర్లు ఉండేది. అది బడిపిల్లవాడి చేతిఖర్చుతో కొనే వస్తువు కాదని చెప్పనక్కరలేదు. భారతదేశంలో అటువంటి పెట్టెలపై దిగుమతి భారం కూడా తోడవుతుంది. ఆటవస్తువులపై కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది.

సమ్మేళనంలో కొలువు తీర్చిన ఆకృతికి అసలు బలం మాత్రం ధరలో లేదు. 'ఇది మీ ఇంట్లో ఉన్న ఇటుకే' అన్న భరోసాలో ఉంది. 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేసిన ఇటుకకు పైన బుడిపెలు, లోపల బోలు గొట్టాలు. బుడిపె గొట్టాల నడుమ ఇరుక్కుని పట్టు నిలుస్తుంది. ఆనాటి ఇటుక నేటి ఇటుకతో ఇప్పటికీ అతుకుతుంది. కొలతలో మిల్లీమీటరులో నూరో వంతు తేడాను కూడా సహించకపోవడమే కారణం. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరు తీసుకుంటే, వాటిని 91,51,03,765 విధాలుగా కలపవచ్చునని గణితజ్ఞులు లెక్కగట్టారు. షికాగోలోని బొమ్మ కూడా అంతే: పాదాల అడుగున ఉన్న గుంటలు ఏ బుడిపెపైనైనా నిలుస్తాయి. ఓపిక, డబ్బు ఉంటే అభిమాని ఎవరైనా అటువంటి శిరస్త్రాణాన్ని చిన్న స్థాయిలో తీర్చుకోవచ్చు.

అసలు చిక్కు ఆకృతి నేలవిడిచి గాలిలోకి లేచినప్పుడు వస్తుంది. 2013 మే నెలలో న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌లో లెగో నిలిపిన 'ఎక్స్-వింగ్' యుద్ధనౌక దీనికి మంచి ఉదాహరణ. అది అభిమానుల సమ్మేళనం కాదు, నడివీధి ప్రదర్శన. కానీ ఇటువంటి భారీ ఆకృతులు ఎలా తయారవుతాయో తెలుసుకోవడానికి దానిని మించిన నమూనా లేదు. దుకాణంలో దొరికే 560 భాగాల పెట్టెను ఆధారంగా తీసుకుని, అన్ని వైపులా 42 రెట్లు పెంచారు. రెక్కల వెడల్పు 44 అడుగులు, పొడవు 43 అడుగులు; సినిమాలోని నౌక అంత. బరువు దాదాపు 21 టన్నులు. వాడిన ఇటుకలు 53,35,200. చెక్ రిపబ్లిక్‌లోని క్లాడ్నోలో 32 మంది శిల్పులు 17 వేల గంటలకు పైగా పనిచేశారు. ఒక్కొక్కరి వంతుకు 530 గంటలు దాటుతుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 66 రోజుల పని.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. పొడవు 42 రెట్లు పెరిగితే ఉపరితలం 42ను 42తో గుణించినంత, అంటే 1,764 రెట్లు పెరుగుతుంది. ఘనపరిమాణం మరో 42 రెట్లు హెచ్చి 74,088 రెట్లవుతుంది. 560 భాగాలను ఆ లెక్కన పెంచితే స్థూలంగా నాలుగు కోట్ల పైచిలుకు ఇటుకలు కావాలి. వాడినవి 53 లక్షలు. అంటే నౌక లోపల చాలా భాగం బోలు. బయట కనిపించేది ఇటుకల గోడ. లోపల భారం మోసేది ఉక్కు చట్రం.

ఇటుకకు బలం లేక ఉక్కు పెట్టారనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ ఇంజినీర్లు 2012లో బీబీసీ కోసం నాలుగు బుడిపెల ఇటుకను యంత్రంలో నొక్కి చూశారు. దాదాపు 430 కిలోల బరువు పడేవరకు అది లొంగలేదు. ఆ లెక్కన ఒకదానిపై ఒకటి 3,75,000 ఇటుకలు, అంటే మూడున్నర కిలోమీటర్ల ఎత్తు పేర్చినా అడుగు ఇటుక చితకదు. నొక్కుడును తట్టుకునే ఇటుక లాగుడుకు మాత్రం తేలిగ్గా ఓడుతుంది. పిల్లవాడి వేళ్లతో ఊడదీయగలిగేలా చేసినది కదా! గాలిలోకి చాచిన రెక్క తన బరువుకు తానే కిందికి వంగుతుంది. అప్పుడు పై వరుస ఇటుకలపై పడేది నొక్కుడు కాదు, లాగుడు. 42 రెట్లు పెంచినప్పుడు బరువు 74 వేల రెట్లు పెరగవలసి ఉండగా, దానిని పట్టి ఉంచే అతుకుల వైశాల్యం 1,764 రెట్లే పెరుగుతుంది. అందుకే ఉక్కు, అందుకే జిగురు.

జిగురన్న మాట వినగానే లెగో అభిమాని ముఖం చిట్లిస్తాడు. ఊడదీసి మళ్లీ కట్టుకోవడమే ఈ ఆటకు ప్రాణం; జిగురు పూసిన ఇటుక ఇక ఇటుక కాదు, విగ్రహంలో ఒక భాగం. జనసమ్మర్దంలో, తరలింపు కుదుపులలో అంతటి ఆకృతిని భద్రంగా ఉంచాలంటే వేరే దారి లేదని సంస్థ శిల్పులు చెప్పే మాటను కాదనలేము. ప్రేక్షకుడికి ఆ సంగతి దాచకుండా చెప్పడం మాత్రం న్యాయమే. 'నీవూ కట్టగలవు' అన్న పిలుపు షికాగో శిరస్త్రాణం విషయంలో చాలావరకు నిజం; న్యూయార్క్ నౌక విషయంలో సగమే నిజం.

ఎక్స్-వింగ్ ఘనతకు ఆయుష్షు కూడా కొద్దికాలమే. 2016లో ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో ఒక కార్ల సంస్థ కోసం నిలిపిన టవర్ బ్రిడ్జ్ నమూనా 58,05,846 ఇటుకలతో దానిని దాటింది. టైమ్స్ స్క్వేర్‌లో మూడు రోజులు కొలువుతీరిన నౌకను కాలిఫోర్నియాలోని లెగోలాండ్ ఉద్యానవనానికి తరలించారు. దానికి మూలమైన 560 భాగాల పెట్టె మాత్రం ఎందరి ఇళ్లలోనో కట్టబడి, ఊడదీయబడి, మరేదో ఆకారంలో తిరిగి కట్టబడి ఉంటుంది.