పనిపాటల నడుమ దైవసన్నిధి

క్రైస్తవుల ఆరాధన అనగానే ఆదివారం, చర్చి గంట, కీర్తనలు స్ఫురిస్తాయి. తక్కిన ఆరు రోజులూ విశ్వాసి దేవుని యెదుట ఎలా మెలగాలన్న విషయమై క్రైస్తవ వాఙ్మయంలో సాగిన విచారణ మన పాఠకులకు అంతగా పరిచితం కాదు.

విశాఖపట్నం ప్రాంతానికి ఈ బోధ రెండు దారుల్లో వచ్చింది. 1805లో లండన్ మిషన్ వారు విశాఖపట్నం చేరి, బైబిలును తెలుగు చేయటానికి పూనుకొన్నారు. 1846లో కాథలిక్ గురువులు వచ్చారు. సవాయ్ ప్రాంతంలోని అనెసీ పట్టణంలో 1838లో ఏర్పడిన వీరి సభ సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ (1567–1622) పేరు పెట్టుకొన్నది. సంసారులు సైతం సన్యాసుల వలెనే దైవసన్నిధిలో బ్రతకగలరని వాదించిన బిషప్పు ఆయన. 1609లో వెలువడిన ఆయన గ్రంథం ‘భక్తిమయ జీవితానికి ప్రవేశిక’ మఠవాసులకు కాక గృహస్థులకు ఉద్దేశించింది. రోజంతా చర్చిలోనే గడిపి చేతిపనిని గాలికి వదిలే వృత్తికారుని భక్తి వక్రభక్తి అని ఆయన నిర్ణయం. ఆ కాలానికి ఇది సాహసమే.

సన్నిధిని మనస్సుకు తెచ్చుకొనేందుకు ఆయన నాలుగు పద్ధతులు చెప్పాడు. దేవుడు సర్వత్రా ఉన్నాడని తలచటం మొదటిది. తన హృదయంలోనే ఉన్నాడని తలచటం రెండవది. ఇహ్సాన్‌ను వివరించే జిబ్రీల్ హదీసు ఎరిగిన వారికి ఇంతవరకు కొత్త తోచదు. కాని పరలోకం నుండి క్రీస్తు తనను చూస్తున్నాడనటం మూడవది, ఆయన ప్రక్కనే ఉన్నట్లు ఊహించుకోవటం నాల్గవది. ఇవి క్రీస్తు దైవత్వంపై విశ్వాసం లేనిదే నిలువవు. పోలికలు వెదికేవారు ఈ హద్దును చెరపరాదు.

అసలు చిక్కు వేరొకచోట ఉంది. చేతిలోని పని మనస్సునంతటినీ కోరినప్పుడు దైవస్మరణ మాటేమిటి? 2022 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్న చోడవరం చుట్టూ చెరకు పండుతుంది. గానుగాడిన రసాన్ని పెనంలో మరిగిస్తూ, పైకి తేలే మడ్డిని తీస్తూ ఉండాలి. పాకం ముదిరితే మాడుతుంది, లేతగా దింపితే దిమ్మ గట్టిపడదు. ఆ క్షణాన కన్ను పెనం మీది నుండి కదలరాదు. అక్కడ నిలబడ్డ క్రైస్తవుడు ప్రార్థనలో ఉన్నట్లా, లేనట్లా?

డి సేల్స్ జవాబు ఒక పసివాని పోలికలో ఉంది. వాడు ఒక చేత్తో తండ్రిని పట్టుకొని, రెండవ చేత్తో కంచె ప్రక్కన పండ్లు కోసుకొంటాడు. మామూలు పనుల్లో పనికంటె దేవునివైపే ఎక్కువ చూడాలట. ఏకాగ్రత కోరే పనిలో మాత్రం అప్పుడప్పుడు ఒక చూపు చాలునట. పాకం దిగాక ఒక్క చిన్న పిలుపు, మనస్సులోనే ఒక మాట. ఈ హ్రస్వ ప్రార్థనలకు ఆయన ఇచ్చిన విలువ చాలా పెద్దది. దీర్ఘ ప్రార్థనకు తీరిక లేనివానికి ఇవే ఆ లోటు తీర్చగలవని ఆయన అంటాడు. జిక్ర్‌లో పునరుచ్చారణకు ఉన్న స్థానం ఇక్కడ లేదు. మాట నియతం కాదు, లెక్క లేదు.

అనువాదకుడు ఇక్కడ ఒక పదం దగ్గర ఆగవలసి వస్తుంది. తెలుగు బైబిలు 139వ కీర్తనలో, దేవుని నుండి పారిపోవటానికి చోటు లేదనే సందర్భంలో, ‘సన్నిధి’ అనే మాట వాడింది. తెలుగునాట ఆ మాట గర్భగుడి ముందు నిలబడ్డ భక్తునిది. గుడిలో ఒక స్థలాన్ని చెప్పిన మాట బైబిలులో స్థలం లేకుండా అంతటా పరచుకొంది.

రాత్రి ఆత్మపరీక్షకు కూడా ఆయన సులువైన దారి చూపాడు: నేడు ఎక్కడ ఉన్నాను, ఎవరితో ఉన్నాను, ఏ పనిలో ఉన్నాను అని గుర్తు చేసుకోవటం. బెల్లం వండే రైతుకు ‘ఎక్కడ’ అంటే గానుగ దగ్గర. ‘ఎవరితో’ అంటే చెరకు నరికిన కూలీలతో. ‘ఏ పని’ అంటే వారి కూలి లెక్క, బజారులో దిమ్మల తూకం.