కొట్టంలో మూలపడ్డ టీవీఎస్ 50

సెలవు మంజూరై టికెట్ తీసుకున్న మనవాళ్లను కలిసినప్పుడల్లా మేము వినే ముచ్చట ఒకటుంది. నాయన నడిపిన టీవీఎస్ 50 పశువుల కొట్టంలో మూలపడి ఉందట. ఈసారి దాన్ని బాగుచేస్తారట, కుదిరితే కరెంటు మోటారు బిగిస్తారట. 1980లో హోసూరు నుంచి వచ్చిన ఈ బండి మన దేశంలో ఇద్దరు కూర్చునే తొలి మోపెడ్. గడ్డిమోపులు, పాలక్యాన్లు, ఎరువుబస్తాలు మోసిన బండి. మమకారం ఉండదా మరి!

ఆ ఇంజన్ అంత తొందరగా చావదు. పాత పెట్రోలు ఒంపేసి, ట్యాంకులో తుప్పు కడిగి, కార్బురేటర్ జెట్ శుభ్రం చేసి, కొత్త ప్లగ్గు వేస్తే చాలాసార్లు పలుకుతుంది. టూ స్ట్రోక్ బండి కాబట్టి పెట్రోలులో ఆయిల్ కలపాలి. మరిచారో, పిస్టన్ పట్టేస్తుంది.

మోటారు సంగతి వేరు. షార్జాలో చౌకగా దొరికిందని లిథియం బ్యాటరీ కొని పెట్టెలో సర్దుకోకండి. 48 వోల్టులు, 20 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 960 వాట్ అవర్లు. 160 దాటిన విడి బ్యాటరీని విమానంలో ప్రయాణికుల సామానులోనే కాదు, చేతిసంచిలోనూ రానివ్వరు. కష్టపడి సంపాదించిన దిర్హాములు ఎయిర్‌పోర్టులోనే పోతాయి.

ఊళ్లో కొన్నా ప్రభుత్వ ఆమోదం ఉన్న కిట్టే బిగించాలి, ఆ మార్పును ఆర్‌సీలో రాయించాలి. లేదంటే ప్రమాదం జరిగిన రోజున బీమాతో చిక్కే. పైగా 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉండాలి. నెల రోజుల సెలవులో ఇవన్నీ అయ్యే పనులా? పాత బండికి పాత ఇంజనే మేలని మా అభిప్రాయం. ముందు ఇంటికి ఫోన్ చేసి, ఆర్‌సీ పుస్తకం ఎక్కడుందో వెతికించండి.